యాదగిరి సార్ పాటల ప్లేట్లు

మా ఆఫీసు క్యాంటీన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక చప్పుడు వస్తుంది. కడిగిన స్టీలు ప్లేట్ల దొంతరని వంటాయన గంపలోంచి తీసి బల్ల మీద పెడతాడు. ఆ గలగల వినగానే అందరికీ ఆకలి గుర్తొస్తుంది, నాకు మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. "ప్లేట్లు తక్కువ పడ్డాయి, ఇంకొన్ని తే" అని ఎవరైనా కేకేశారంటే అరచేతులకి చెమటలు పట్టేస్తాయి. ఇన్నేళ్ళయినా ఆ భయం నన్ను వదల్లేదు. పక్కసీటు అమ్మాయి ఒకసారి అడగనే అడిగింది, "ఏంటి మేడం, భోజనానికి పిలిస్తే అలా బిక్కమొహం వేస్తారు?" అని. నవ్వేసి ఊరుకున్నాను. చెప్పాలంటే యాదగిరి సార్ దగ్గర మొదలుపెట్టాలి. ఆయన్ని చూడనివాళ్ళకి ఆయన్ని గురించి చెప్పడం నాకు ఎప్పుడూ సరిగ్గా చేతకాలేదు.

నిజానికి ఆయన సార్ కాదు. నేను ఎం.ఏ. చదివిన క్యాంపస్‌లో మా విభాగానికి ఒక ఆడియో ల్యాబ్ ఉండేది. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, పాత టేపులున్న బీరువా, చెవికి పెట్టుకుంటే నల్లపొట్టు రాలే హెడ్‌ఫోన్లు, అంతే. ఆ గదికి ఆయన అటెండరు. ప్రొఫెసర్లు యాదగిరీ అని పిలిచేవారు, మేం సార్ అనేవాళ్ళం. లాలాపేట్‌లో ఉండేవారు. పొట్టి మనిషి, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట రంగులేసే మెత్తటి బ్రష్ ఒకటి ఉండేది, ప్లేట్ల మీద దుమ్ము దులపడానికి. గ్రామఫోన్ రికార్డుల్ని ఆయన రికార్డులనేవారు కాదు. "రికార్డంటె ఆఫీసు కాయితం. ఇవి ప్లేట్లు" అనేవారు. సొంత ప్లేట్లన్నీ ఒక రేకు ట్రంకు పెట్టెలో పెట్టి, మూత మీద తెల్లరంగుతో 'ప్లేట్లు – యాదగిరి – లాలాపేట్' అని రాసుకున్నారు. ఆ పెట్టెని ల్యాబ్‌లో ఒక మూల ఉంచుకున్నారు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి.

జుమ్మేరాత్ బజార్‌లో పాతసామాన్ల మధ్య కూర్చుని ఏరుకొచ్చిన ప్లేట్లు అవన్నీ. ఆయనలాంటి పిచ్చివాళ్ళు ఇంకో నలుగురుండేవారట, ఆదివారం పొద్దున్న లాలాపేట్‌లో చేరి వినేవారట. నేను వెళ్ళేసరికి ఒక్కరు కూడా మిగల్లేదు. పాటలు కంప్యూటర్లోకి దిగుమతి అవడం మొదలైంది కదా, ఒకాయన తన ప్లేట్లన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేసి, "యాదగిరీ, అన్నీ ఇందులోనే ఉన్నయి" అని పెన్‌డ్రైవ్ చూపించి వెళ్ళిపోయాడట. సార్‌కి అతని మీద కోపం లేదు. "ఆయన మోకాళ్ళకు మెట్లెక్కుడు కష్టమైతున్నది, పోనీ" అనేవారు.

నేను కూడా ఆ పెన్‌డ్రైవుల బాపతే. హాస్టల్ పిల్లలకి పాటలు దింపిపెట్టడంలో నాకు మంచి పేరుండేది. మొదటిసారి ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు గొప్ప కోసం నా లాప్‌టాప్ తెరిచి చూపించాను. సార్ కళ్ళజోడు పైకి తోసుకుని తెర మీద వరసలన్నీ చదివారు. 'ట్రాక్ ఒకటి', 'ట్రాక్ రెండు', 'పాత పాట కొత్తది'.

"పాడినోళ్ల పేర్లు ఏవి?" అన్నారు.

"పేర్లతో రావు సార్. వింటే చాలు కదా."

"నా దగ్గర ఒక ప్లేటున్నది. దాని మీద గూడ పేరు లేదు. బృందం అని రాసి వదిలేసిండ్రు." కళ్ళజోడు కిందికి దించుకుని, "గా బృందంల మా అక్క ఉన్నది" అన్నారు.

అలా తెలిసింది లచ్చవ్వ గురించి. సార్‌కి పదేళ్ళు పెద్దదట. వాళ్ళ ఊరినుంచి నలుగురు ఆడవాళ్ళని ఏదో కంపెనీవాళ్ళు పట్నానికి తీసుకొచ్చి పెళ్ళిపాట పాడించారు. నాలుగు గొంతుల్లో మొదటి వరస ఎత్తుకున్నది లచ్చవ్వ. ఆ తర్వాత రెండేళ్ళకే ఆమె కాన్పులో పోయింది. ఫోటో కూడా లేదు. ముప్ఫయ్యేళ్ళు వెతికితే ఒక్క ప్లేటు దొరికింది. లక్కతో చేసిన పాతకాలం ప్లేటు, జారితే అప్పడంలా విరిగిపోయేది. ఎప్పుడు వేసినా సూది కొంచెం కొంచెం గీత తినేస్తుంది కాబట్టి, తెచ్చిన రోజున ఒక్కసారి విని మళ్ళీ వెయ్యలేదట. "వినబుద్ధైతది. వింటె అరుగుతదని భయం. వినకపోతె, నేను పోయినంక ఎవరు వింటరని భయం" అన్నారు. ఆ భయం పోగొట్టడానికే మేమిద్దరం ఆయన ప్లేట్లన్నీ నా లాప్‌టాప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాం. లచ్చవ్వ ప్లేటు అన్నిటికంటే చివర్న, అంతా చేతికి అలవాటయ్యాక, ఒకే ఒక్కసారి వేసి ఎక్కించాలని మాట.

ఆయన పనిచేసే తీరు చూస్తే విసుగొచ్చేది. కుంకుడు రసం కలిపిన నీళ్ళలో దూది ముంచి, మధ్య కాగితానికి తడి తగలకుండా, గీతల వెంట తుడిచేవారు. ఆరేదాకా కదలనిచ్చేవారు కాదు. మైకు ఆన్ చెయ్యగానే సూది పెట్టేస్తే ఒప్పుకునేవారు కాదు. ముందు తన గొంతుతో చెప్పాలి: ఇది ఫలానా పాట, పాడినవారు ఫలానా, ప్లేటు ఫలానా చోట దొరికింది. "పేర్లు టైపు చేస్తాను కదా సార్" అంటే, "రాసింది చెరిగిపోతది, పాట ముంగట చెప్పింది పాటతోటె పోతది" అనేవారు. నాకు పాటలంటే ఇష్టమని అంతవరకూ అనుకునేదాన్ని. పాడినవాళ్ళు కూడా ఉంటారని ఆ గదిలోనే తెలిసింది.

బయట మాత్రం వేరే కాలం నడుస్తోంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మంచి ఊపు మీదుంది. క్లాసులు రోజూ జరిగేవి కావు. గేటు దగ్గర పోలీసులు, లోపల ఊరేగింపులు, ఒక్కోరోజు గాలిలో టియర్‌గ్యాస్ మంట. కళ్ళు తుడుచుకుంటూ ప్లేట్లు తుడిచేవాళ్ళం. మాది గుడివాడ. నాన్న ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు, నేను పుట్టింది పెరిగింది అక్కడే. అయినా నోరు తెరిస్తే మా అమ్మ మాటే వచ్చేది, ప్రతి వాక్యం చివరా ఒక 'అండీ'. ఆ రోజుల్లో నాన్న పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి ఒకటే పాఠం చెప్పేవారు. "బయట నోరు విప్పకు. ఎవరైనా ఏదైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పి వచ్చెయ్." నన్ను ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు, ఇది న్యాయంగా చెప్పాలి. అంటారేమోనన్న భయమే రోజంతా నా పక్కన నడిచేది. బస్సెక్కితే కండక్టర్‌కి వేలు చూపించి టికెట్ తీసుకునేదాన్ని.

భయంతో ఇంకో తెలివి కూడా నేర్చాను. ఒకరోజు ల్యాబ్ గుమ్మంలోకి ఎవరో విద్యార్థి వచ్చి లైబ్రరీ తెరిచి ఉందా అని అడిగాడు. నేను ఠక్కున, "బందైంది అన్నా, గా సార్లంత పోయిండ్రు" అన్నాను. అతను వెళ్ళిపోయాడు. బతికాననుకుంటూ వెనక్కి తిరిగితే సార్ చేతిలో దూది అలాగే ఉంది.

"ఏందమ్మా సుజాతా, నా మాట నీ నోట్లె కిరాయికి దిగింది?"

నా మొహం మాడిపోయింది. "భయమేసింది సార్."

"నిన్ను ఎవరన్న ఏమన్న అన్నరా?"

"అనలేదు. అంటారేమోనని."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "నేను పట్నం బడికి వచ్చినప్పుడు నా మాటకు నవ్విండ్రు. రేడియోల లెక్క మాట్లాడమన్నరు. నాకు రాకపాయె. ఒక ఏడాది మొత్తం నోరే తెరవలే. నీకైతె ఇప్పుడొచ్చింది గీ భయం, నాకు ఎన్నడో వచ్చింది." దూది మళ్ళీ నీళ్ళలో ముంచారు. "మంచిగ లేదు గని, నీ మాట నువ్వే మాట్లాడు."

నాకు సిగ్గేసింది. కానీ సిగ్గు భయాన్ని గెలవలేదు. ఆ మర్నాటినుంచి వేషం మానేశాను గానీ, నాన్న చెప్పిన ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయాను.

ఒకరోజు పొద్దున్న ల్యాబ్ కిటికీ అద్దం పగిలింది. రాయో, ఇంకేమైనానో తెలీదు. గాజుపెంకులు ట్రంకు పెట్టె మూత మీద పడి ఉన్నాయి. సార్ వాటిని ఒక్కొక్కటీ ఏరి కాగితంలో పొట్లం కట్టారు. లాలాపేట్ దాకా పెట్టెని మోసుకెళ్ళే పరిస్థితి లేదు, ఆయన గది తాళాలు అప్పగించేదాకా కదలకూడదు. "మీ ఇల్లు దగ్గరుంటది. రెండు దినాలు ఉండనియ్. సాయంత్రం నేనొచ్చి చూస్త" అన్నారు. లచ్చవ్వ ప్లేటు మీద బరువు పడకూడదని అన్నిటికంటే పైన పెట్టి, తన తువాలు మడిచి కప్పారు. ఆటో దొరికించుకుని పెట్టె నా కాళ్ళ దగ్గర పెట్టించారు. "నీ పానం లెక్క చూసుకో" అన్నారు. నేను తలూపాను.

తార్నాక చౌరస్తాకి ఇంకా కొంచెం దూరం ఉండగా ఆటో ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి, రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, వచ్చినవాళ్ళందరికీ వడ్డించేవారు. పెద్దపెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. డప్పులు మోగుతున్నాయి. డ్రైవరు ఇంజను ఆపేసి, "ఇగ బండి ముంగటికి పోదమ్మా" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆటో దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూశారు. అందులో పెద్దామె కొంగు నడుముకి బిగించుకుని ఉంది, మోచేతులదాకా బియ్యం కడిగిన తడి.

"పెట్టెల ఏమున్నయి బిడ్డా?"

ఒక్క ముక్క. నాన్న చెప్పినట్టే ఒకే ఒక్క ముక్క.

"ప్లేట్లు" అన్నాను.

ఆమె మూత మీద తెల్ల అక్షరాలు చూసింది, మొహం విప్పారింది. "సల్లగుండు. తినటానికి ప్లేట్లు సాలక సూస్తున్నం. లాలాపేట్ నుంచి పంపిండ్రటనే" అని పక్కామెతో అంటూనే, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని పెట్టెని దించేశారు.

ఇప్పుడు చెప్పాలి. అమ్మా, అవి తినే ప్లేట్లు కావు అని చెప్పాలి. ఎంత పొడుగు మాట అది! అందులో ఎన్ని చోట్ల నా ఊరు బయటపడుతుంది! నోరు తెరిచాను, గాలే వచ్చింది. వాళ్ళు పెట్టెని గుండిగ పక్కన దించారు. నేను ఆటో దిగి వెనకాలే నడిచాను, పదడుగులు. ఆ పదడుగుల్లో ఎక్కడైనా చెప్పొచ్చు. ఆమె మూత తీసింది, తువాలు పక్కన పెట్టింది, పైనున్న ప్లేటుని కాగితపు సంచిలోంచి లాగింది. "గిదేంది, నల్లగున్నది?" అంది. తడి చేతులు. ప్లేటు జారింది.

టక్కుమంది. పెద్ద శబ్దమేమీ కాదు.

ముక్కలు కాలేదు. అంచునుంచి మధ్య కాగితం దాకా వెంట్రుకంత చీలిక. ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో, పాటల ప్లేట్లాయె. ముందుగాల చెప్పొద్దా బిడ్డా?" అంది. కొంగుతో తుడిచి, సంచిలో పెట్టి, తువాలు మళ్ళీ అలాగే కప్పింది. ఇద్దరూ పెట్టెని తిరిగి ఆటోలో పెట్టారు. నేను ఏడుస్తున్నానని చూసి, విస్తరాకులో వేడన్నం, పప్పు తెచ్చి చేతిలో పెట్టింది. "తిని పో. గిట్ల గజగజ వణుకుతున్నవేంది?" నేను తిన్నాను. అక్కడే ఆటోలో కూర్చుని, వాళ్ళన్నం తిన్నాను. వాళ్ళే మనుషుల్ని పక్కకి జరిపి ఆటోకి దారిచ్చారు.

సాయంత్రం సార్ వచ్చారు. మా హాల్లో నాన్న, అమ్మ, నేను. ఆయన సోఫాలో కూర్చోకుండా నేరుగా పెట్టె దగ్గర కూలబడి మూత తీశారు. ప్లేటుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఎట్లైంది?"

నా నోరు పెగిలింది. ఆ పొద్దున్న కావలసినప్పుడు పెగలని నోరు, ఇప్పుడు ధారాళంగా పెగిలింది. "రోడ్డు మీద ఆపేశారు సార్. పెట్టె లాక్కున్నారు. వద్దంటున్నా వినలేదు."

"చెప్తూనే ఉన్నానండి, ఆ గుంపుల్లోకి వెళ్ళొద్దని" అన్నారు నాన్న.

సార్ నాన్న వైపు చూడలేదు. నన్నే చూశారు. "వద్దన్నవా?" అని ఒక్కటే అడిగారు. తలూపాను. పొద్దున్న 'పానం లెక్క చూసుకో' అన్నప్పుడు ఊపినట్టే. ఆయన అమ్మ పెట్టిన టీ తాగకుండా, ప్లేటొక్కటీ తువాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. నేనన్నం తిన్న చెయ్యి ఇంకా పప్పు వాసనేస్తోంది.

మూడు రోజులు ఇల్లు కదల్లేదు. నాలుగో రోజు ఫోను వచ్చింది, లాప్‌టాప్ పట్టుకుని లాలాపేట్ రమ్మని. వెళ్ళాను. సార్ ఇంటి ముందుగదిలో నేల మీద చాప, చాప మీద ఆమె. కొంగు బిగించిన ఆ పెద్దామె. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"గీ బిడ్డనే, సార్" అందామె. పేరు నర్సమ్మట, మాణికేశ్వర్ నగర్‌లో ఉంటుందట. పెట్టె మీద పేరు గుర్తుపెట్టుకుని, లాలాపేట్ వీధుల్లో పాటల ప్లేట్ల యాదగిరి ఎవరని అడుక్కుంటూ వచ్చిందట. "నా చెయ్యి జారి పగిలింది. మూడు దినాల సంది నిద్ర వడ్తలేదు. ప్లేట్లని అంటె తినేటియి అనుకున్నం సార్. గంతే గని, బిడ్డను మేం ఏం అనలే."

ఇప్పుడు సార్ అడుగుతారు. లాక్కున్నారని చెప్పావు కదమ్మా, వద్దంటే వినలేదని చెప్పావు కదా అని, ఈమె ముందే అడుగుతారు. తలెత్తలేకపోయాను.

"తెల్సు నర్సమ్మా" అన్నారు సార్. "గీ పిల్ల చెప్పింది, పొరపాటున జారిందని. నీ తప్పేం లేదని చెప్పింది."

నర్సమ్మ నా తల నిమిరింది. దానికంటే ఆమె చెంపమీద కొట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆయన ప్లేయరు మూత తీశారు. నేను మైకు పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని ఎప్పటిలాగే చెప్పారు. "ఇది పెండ్లిపాట. పిల్లను పీట మీదికి తెచ్చేటప్పుడు పాడేది. నలుగురు పాడిండ్రు. ముందుగాల ఎత్తుకున్నామె లచ్చవ్వ, మా అక్క. మిగిలినోళ్ల పేర్లు నాకు తెల్వది. నడుమ టక్కు టక్కుమంటది. అది ప్లేటుది, అక్కది కాదు." సూది దించారు. మూడు నిమిషాలు. పల్చటి, కొంచెం ముక్కుతో పలికే గొంతు, చుట్టు చుట్టుకీ ఒక టక్కు. సార్ గోడవైపు తిరిగి కూర్చున్నారు. అయిపోయాక నర్సమ్మ, "మా ఊర్ల గీ పాట ఇంక జర జల్ది పాడ్తరు" అంది.

ఆమె వెళ్ళాక గదిలో ఇద్దరమే మిగిలాం. నేను ముందు ఏడ్చి, తర్వాత మాట్లాడాను. "కంప్యూటర్లో ఆ టక్కు తీసెయ్యొచ్చు సార్. శుభ్రంగా చేసిస్తాను."

"తీస్తె అక్క గొంతు గూడ కొంచెం పోతదా?"

"పోవచ్చు."

"అయితె ఉండనియ్." ప్లేటుని సంచిలో పెడుతూ అన్నారు, నావైపు చూడకుండానే. "భయపడ్డవ్. సరే. నాకు లేదా భయం? గని బిడ్డా, నీ భయాన్ని ఇంకొకల నెత్తిన పెట్టకు. ఆమె మీద పెట్టినవ్."

క్షమించానని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. మర్నాడు పెట్టె తీసుకుని ల్యాబ్‌కి వెళితే కుంకుడు నీళ్ళు కలిపి ఉంచారు. మిగిలిన ప్లేట్లు ఎక్కించడానికి మరో ఏడాది పట్టింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. సార్ రిటైరయ్యారు, ఆ తర్వాత నాలుగేళ్ళకి నిద్రలోనే పోయారు. నర్సమ్మకి నిజం చెబుదామని ఒకసారి మాణికేశ్వర్ నగర్ వెళ్ళాను. ఇల్లు మారిందన్నారు, ఎక్కడికో చెప్పలేకపోయారు. ఎప్పుడో వెళ్ళాల్సింది. ఆ మాట ఎవరూ అననక్కర్లేదు, నాకే తెలుసు.

లచ్చవ్వ పాట ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంది. ముందు సార్ చెప్పిన మాటలు కత్తిరించకుండానే పంపుతాను. విన్నవాళ్ళు తరచూ అడుగుతారు, ఆ టక్కు తీయించొచ్చు కదా, ఈ రోజుల్లో ఎంతసేపు పని అని. క్యాంటీన్‌లో చేతులకి చెమటలు పట్టిన రోజున ఇంటికొచ్చి ఆ పాట పెట్టుకుంటాను. మొదటి టక్కు పడగానే, ఆ రోజు నడిరోడ్డు మీద చెప్పాల్సిన మాట పైకి అంటాను, నా అండీలతో, నా గుడివాడ యాసతో: "అమ్మా, అవి తినే ప్లేట్లు కాదండీ, పాటల ప్లేట్లు, కాస్త జాగ్రత్తగా దించండి." ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టాను. ఆరు టక్కులు.